జైపాల్ సింగ్ అడిగిన మాటలు

పోయిన ఆగస్టు 9న మా ఊరి గ్రంథాలయంలో చిన్న సభ జరిగింది. ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా 1946 డిసెంబరు 19న రాజ్యాంగ పరిషత్తులో చేసిన ప్రసంగాన్ని తెలుగులో చదివే పని నాకప్పగించారు. రెండు రాత్రులు కూర్చుని నేనే అనువదించుకున్నాను. శబరి ఒడ్డున ఒక ఆశ్రమ పాఠశాలలో ఆరేళ్ళు తెలుగు చెప్పినదాన్ని, ఈ సంగతులు నాకు కొత్త కాదన్న ధీమాతోనే ఉన్నాను. చదువుతుంటే రెండు చోట్ల గొంతు పట్టేసింది. జనం గట్టిగా చప్పట్లు కొట్టారు.

తర్వాత టీ తాగుతుంటే, ఆ బడిలో నాతో కలిసి పనిచేసిన కోయ తమ్ముడు దగ్గరికొచ్చాడు. "బాగా చదివావక్కా. కానీ ఆయన మాట నువ్వు తీసేశావు" అన్నాడు. నాకర్థం కాలేదు. నా చేతిలో కాగితాలు తీసుకుని, వేలు పెట్టి చూపించాడు. "ఒక జంగ్లీగా, ఒక గిరిజనుడిగా..." అని రాశాను నేను. ఆయన అన్నది ఆదివాసీ అని. మొత్తం ఏడు చోట్ల అలాగే రాశానట. నేను చదువుతున్నంతసేపూ లెక్కపెట్టుకున్నాడు.

"గిరిజనుడంటే తప్పేముంది, ప్రభుత్వం వాడే మాటే కదా" అన్నాను, కాస్త రోషంగానే. "మా ఊళ్ళో గిరి ఎక్కడుందక్కా? గోదారి వరదొస్తే ముందు మునిగేది మేమే కదా" అన్నాడు.

ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర పట్టలేదు. నెలరోజుల పాటు, ఆ ఒక్క ప్రసంగం కాకుండా, ఆ తర్వాత మూడేళ్ళలో ఆయన పరిషత్తులో ఎప్పుడెప్పుడు లేచాడో, ఏమడిగాడో వెతుక్కుని చదివాను. చదివాక గట్టిగా అనిపించిన మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను. జైపాల్ సింగ్‌ని మనం గుండెకి హత్తుకునే ఒక ప్రసంగంగా మార్చేసి, ఆయన నిజంగా చేసిన పనిని పక్కన పెట్టేశాం. ఆ పని పెద్ద ఉపన్యాసాల్లో కంటే చిన్న చిన్న మాటల మీద చేసిన పట్టుదలలో ఉంది. ఏ మాటల దగ్గర ఆయన ఓడిపోయాడో సరిగ్గా ఆ మాటల దగ్గరే ఆ తర్వాత ఏజెన్సీ కూడా నష్టపోతూ వచ్చింది.

ఆ డిసెంబరు రోజు

ఆ ప్రసంగం గొప్పది కాదని నా ఉద్దేశం కాదు. నెహ్రూ పెట్టిన లక్ష్యాల తీర్మానం మీద చర్చ అది. ఆక్స్‌ఫర్డులో చదివి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకి సారథ్యం వహించిన మనిషి లేచి నిలబడి, జంగ్లీ అని పిలిపించుకోవడం నాకు గర్వం అన్నాడు. నా జనాన్ని వెనకబడిన తెగలన్నారు, ఆదిమ తెగలన్నారు, నేరస్థ తెగలన్నారు, ఇంకా ఏవేవో అన్నారన్నాడు. ఆదివాసులకి మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ళ దగ్గరే మీరు నేర్చుకోవాలన్నాడు. ఈ చివరి మాట ఇప్పుడు పోస్టర్ల మీద, టీషర్టుల మీద కూడా కనబడుతోంది.

పోస్టర్ల మీదికి ఎక్కని మాటలు కూడా అందులో ఉన్నాయి. నా జనానికి కావాల్సింది రక్షణలు కాదు, మంత్రుల నుంచి రక్షణ అన్నాడు. ఈ పరిషత్తులో మగవాళ్ళు మరీ ఎక్కువయ్యారు, ఆడవాళ్ళు ఇంకా కావాలి అన్నాడు. 1946లో ఒక మగ సభ్యుడు తనంతట తాను ఆ మాట అనడం చూసి నేను ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాను. చివరికి, మా చరిత్రంతా దోపిడీ, భూములు పోగొట్టుకోవడం, మధ్య మధ్య తిరుగుబాట్లు, అయినా మీ మాట నమ్ముతున్నాను అన్నాడు.

అదే తీర్మానం మీద మన ఎన్.జి. రంగా కూడా మాట్లాడాడు. తమ భూమి ఇతరులకి పోకూడదని ఆదివాసుల సొంత కట్టుబాటు చెబుతున్నా, మన వ్యాపారులు అక్కడికి వెళ్ళి ఆ భూములు లాక్కోగలుగుతున్నారని చెప్పాడు. ఆ మాట గుంటూరు జిల్లా మనిషి నోట రావడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత ఇరవై ముప్ఫై ఏళ్ళలో గోదావరి పైకి, భద్రాచలం వైపు భూముల కోసం వెళ్ళినవాళ్ళలో కోస్తావాళ్ళు ఎందరో ఉన్నారు.

పేరు

ఆదివాసీ అన్న మాట కోసం జైపాల్ సింగ్ మళ్ళీ 1948లో అడిగాడు. రాజ్యాంగం ముసాయిదా అనువాదాల్లో ఎక్కడా ఆ మాట వాడలేదని, దాని బదులు బన్‌జాతి, అంటే అడవి జాతి, అని వేశారని చెప్పి బాధపడ్డాడు. ఆదివాసీ అన్న మాటకి ఒక గౌరవముంది, బన్‌జాతి అంటే మొన్నటిదాకా అనాగరికుడనే అర్థం, ఆ పాత తిట్టుని ఇంకా ఎందుకు మోస్తున్నారని అడిగాడు.

ఇది చదివాక నా ఏడు తప్పులు నాకు వేరేగా కనబడ్డాయి. హిందీలో వనం, తెలుగులో గిరి. రెండూ ఆ మనుషులు ఇప్పుడు ఉంటున్న చోటుని బట్టి పెట్టిన పేర్లే. కానీ ఆయన వాదన ఏమిటి? తర్వాత వచ్చినవాళ్ళు సింధు లోయ నుంచి తరిమితే మా వాళ్ళు అడవుల్లోకి వెళ్ళారన్నది కదా. సింధు నాగరికత గురించి ఆయన చెప్పినదాన్ని చరిత్రకారులు తేల్చుకోనీ. మన్యంలో మాత్రం అందుకు సాక్ష్యాలకి కొదవ లేదు. ఏటి పక్క నల్లరేగడి ఎవరి పేరున ఉంది, రాళ్ళ పోడు ఎవరి చేతిలో ఉంది అని చూస్తే చాలు. ఎక్కడికి తరిమామో ఆ చోటునే పేరుగా పెట్టి పిలవడం, అదీ సంక్షేమ శాఖ బోర్డు మీద రాసి మరీ పిలవడం, నాకిప్పుడు మింగుడుపడడం లేదు.

దీనికి అంబేడ్కర్ చెప్పిన జవాబుని దాటేయడం న్యాయం కాదు. ఆదివాసీ అన్నది సాధారణంగా వాడే మాట, దానికి చట్టంలో నికరమైన అర్థం లేదు, రేపు కోర్టుకి వెళ్తే ఎవరు ఆదివాసీ అని తేల్చాలి కదా, షెడ్యూల్డ్ తెగ అంటే జాబితా ఉంటుంది, ఎవరెవరో పేరుపేరునా తెలుస్తుంది అన్నాడాయన. అంటరానివారు అన్న మాట కూడా అలాంటిదేనని తన జనం సంగతే ఉదాహరణగా చెప్పాడు. ఇది గట్టి జవాబు. హక్కు దక్కాలంటే ముందు అది ఎవరికో కాగితం మీద ఉండాలి. కులధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు ఆఫీసు గుమ్మంలో ఒక పూట నిలబడ్డ ఎవరికైనా ఈ మాట అర్థమవుతుంది.

తెలంగాణలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎస్టీ జాబితాలో కోయ, గోండులతో పాటు లంబాడీలూ ఉన్నారు. ఆదివాసీ అన్న మాట ఎవరికి చెందుతుందన్న దాని మీద ఆదిలాబాద్‌లో ఎంత వేదన, ఎంత వైరం నడిచిందో అందరికీ తెలుసు. తండాలో పుట్టిన నా విద్యార్థినులు కొందరు ఇది చదువుతారు. వాళ్ళ హక్కుని తగ్గించే పని నా కలం చెయ్యకూడదు. అందుకే చట్టంలో షెడ్యూల్డ్ తెగలనే ఉండనివ్వండి. అంబేడ్కర్ అడిగిన కచ్చితత్వం అక్కడ అవసరం. కానీ మనం మాట్లాడేటప్పుడు, పాఠాల్లో రాసేటప్పుడు, ఒక కోయ మనిషినో కొండరెడ్డినో సంబోధించేటప్పుడు, వాళ్ళు కోరుకున్న మాట వాడడానికి ఏ చట్టం అడ్డొచ్చింది? జైపాల్ సింగ్ మాటనే అనువదిస్తూ కూడా నేను వాడలేకపోయాను, మరి.

ఇప్పసారా

1948 నవంబరు 24 చర్చ నాకు అన్నిటికంటే కష్టమైంది. ఇప్పుడు 47వ అధికరణంగా ఉన్న మద్యనిషేధం మీద చర్చ అది. జైపాల్ సింగ్ దాన్ని ఎదిరించాడు. మా పూజల్లో బియ్యపు కల్లు ఉంటుంది, ఇది నా మత హక్కులో జోక్యం అన్నాడు. పశ్చిమ బెంగాల్లో సంతాలులు మోకాలిలోతు నీళ్ళలో, రోజంతా వానలో బురదలో నిలబడి నాట్లు వేస్తారు, ఆ కల్లు లేకపోతే అక్కడ నాట్లే పడవన్నాడు. అందులో ఏముందో వైద్యులు పరిశోధించండి అన్నాడు.

నేను సారా ఉద్యమం నాటి మనిషిని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా వేలం పాటల్ని ఆపించారని విని, మా వీధిలో ఆడవాళ్ళంతా ఒక్కటై దుకాణం ముందు కూర్చున్న రోజుల్లో నేను కాలేజీ పిల్లని. మా పిన్ని చేతి గాజులు పగిలిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అలాంటి నాకు మద్యనిషేధాన్ని ఎదిరించే మగవాడి ప్రసంగం వినగానే ఒళ్ళు మండడం సహజం. మొదటిసారి చదివి పుస్తకం మూసేశాను.

మళ్ళీ తెరవడానికి కారణం ఒక భూమి పండగ. బడిలో చేరిన రెండో ఏడు, ఒక పిల్ల తండ్రి పిలిస్తే వెళ్ళాను. విత్తనాలు కలుపుకునే ముందు ఊరి పూజారి మోదుగాకు దొన్నెలో ఇప్పసారా పోసి, నేల మీద కొంచెం ధార వదిలి, అదే దొన్నెని వరసగా పెద్దవాళ్ళకి అందించాడు. ఆడవాళ్ళకీ అంతే. ఒక ముసలమ్మ రెండు గుక్కలు తాగి, మూతి తుడుచుకుని, విత్తనాల గంప ఎత్తుకుంది. అక్కడ ఎవరి గాజులూ పగల్లేదు. ఆ సాయంత్రమే ఆ తండ్రి, ఇప్పపువ్వు ఎండబెట్టుకోవడానికి కూడా ఆబ్కారీవాళ్ళకి భయపడాలని చెప్పాడు. మా వీధిలో దుకాణం పాట పాడినవాడూ, ఈ పూజారీ ఒకే చట్టం కింద నేరస్థులు ఎలా అవుతారన్నది జైపాల్ సింగ్ ప్రశ్న. మా పిన్నికి జరిగినదానికి ఆయన దగ్గర జవాబు లేదు. కానీ ఆ ముసలమ్మ దొన్నె గురించి మాట్లాడడానికి ఆ సభలో ఆయన కాక ఇంకెవరున్నారు? అన్ని ఊళ్ళకీ ఒకే కొలత పెట్టే చట్టం చేస్తున్నప్పుడు, మా ఊరు అలా ఉండదండీ అని లేచి చెప్పే మనిషి ఒకడుండాలి. ఆ రోజు ఆయన ఓడిపోయాడు. ఆ ప్రసంగంలో నాకు నచ్చని వాక్యాలు ఇప్పటికీ ఉన్నాయి. అయినా ఆయన లేచి నిలబడినందుకు కృతజ్ఞురాలిని.

ఆపాలి, ఆపవచ్చు

అసలు నష్టం 1949 సెప్టెంబరు 5న జరిగింది. రాజ్యాంగంలో ఆదివాసీ ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూలు మీద చర్చ జరిగిన ఈ రోజుని మాత్రం ఎవరూ పోస్టర్ మీద వేయరు.

మొదటి ముసాయిదాలో ఐదో షెడ్యూలు ఇంకోలా ఉండేది. షెడ్యూల్డ్ ప్రాంతాలకి ఫలానా చట్టం వద్దని గిరిజన సలహా మండలి సలహా ఇస్తే, గవర్నరు ఆ చట్టాన్ని ఆపాలి. ఆ తెగలవాళ్ళ భూమి ఇతరులకి బదిలీ కావడం చెల్లదని షెడ్యూలులోనే రాసి ఉంది. సెప్టెంబరులో వచ్చిన కొత్త రూపంలో 'ఆపాలి' కాస్తా 'ఆపవచ్చు' అయింది. భూమి మీద నిషేధం పోయి, దాని బదులు గవర్నరు కావాలంటే అలాంటి నిబంధనలు చేయవచ్చని వచ్చింది. సలహా మండలి దేని మీద సలహా ఇవ్వాలి? గవర్నరు తన దగ్గరికి పంపిన విషయాల మీద. ఆయన పంపకపోతే మండలి నోరు తెరవక్కర్లేదు.

జైపాల్ సింగ్ దీన్ని పట్టుకున్నాడు. మొదటి ముసాయిదాలో మండలి తనంతట తాను పని మొదలుపెట్టగలిగేది, ఇప్పుడు ఆ చొరవంతా గవర్నరు చేతిలోకి పోయింది, మండలిని సత్తువ లేనిదాన్ని చేశారు అన్నాడు. సవరణలు ప్రతిపాదించాడు. మొత్తం మీద సభ ఆమోదించింది కొత్త రూపాన్నే. ఇప్పటికీ పుస్తకంలో ఉన్నది అదే.

తెలుగులో ఇది రెండు అక్షరాల తేడా. ఆ రెండు అక్షరాలు మన దగ్గర ఎంత కాలం తిన్నాయో చూడండి. భూ బదలాయింపు నిబంధన ఆంధ్రలో 1959లో వచ్చింది. తెలంగాణకి 1963లో వర్తింపజేశారు. నిజంగా కోరలున్న రూపం, అంటే మనమంతా వన్ ఆఫ్ సెవంటీ అని పిలిచే ఆ ఏటి ఒకటో నిబంధన, 1970లో వచ్చింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఇరవై ఏళ్ళకన్నమాట. మొదటి ముసాయిదా మాట నిలబడి ఉంటే 1950 జనవరి 26 నుంచే ఆ నిషేధం రాజ్యాంగంలో భాగం. ఈ ఇరవై ఏళ్ళలో గోదావరి లంకలు, వాగుల పక్క మంచి భూములు, పొగాకు పండే నేలలు ఎలా చేతులు మారాయో ఏజెన్సీలో ముసలివాళ్ళని అడిగితే సర్వే నంబర్లతో సహా చెబుతారు. అప్పుకి ఎద్దులు, ఎద్దుల తర్వాత పొలం.

ఇక్కడ నన్ను నేనే అడ్డుకోవాలి. సలహా మండలికి అధికారం ఉంటే అంతా బాగుండేదా? మండలిలో ఇరవై మందికి మించరు, అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఎస్టీ ఎమ్మెల్యేలే. అధికార పార్టీ ఎమ్మెల్యే తన ముఖ్యమంత్రికి ఎదురు సలహా ఇస్తాడా? పైగా జైపాల్ సింగే 1963లో తన జార్ఖండ్ పార్టీని తీసుకెళ్ళి కాంగ్రెస్‌లో కలిపేశాడు. మంత్రుల నుంచి రక్షణ కావాలన్న మనిషే మంత్రుల పార్టీలో చేరాడు. ఆయన్ని ప్రేమించే జార్ఖండ్ వాళ్ళే దాన్ని క్షమించలేదు. మరోవైపు 1997లో సమత కేసులో, విశాఖ ఏజెన్సీలో గనుల లీజుల మీద, అదే బలహీనమైన షెడ్యూలు ఆధారంగానే సుప్రీంకోర్టు గొప్ప తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం కూడా అక్కడి భూమిని ఆదివాసేతరులకి లీజుకివ్వకూడదంది. అంటే మాటొక్కటే అన్నిటినీ తేల్చదు.

ఇదంతా ఒప్పుకుంటూనే చెబుతున్నాను. 'ఆపాలి' అని ఉంటే, ఆపనివాడు తప్పు చేసినవాడు అవుతాడు, అతన్ని కోర్టులో నిలదీయవచ్చు. 'ఆపవచ్చు' అని ఉంటే, నిలదీయాల్సిన భారం పోగొట్టుకున్నవాడి మీదే పడుతుంది. సమత తీర్పు వెనక కోర్టుల చుట్టూ తిరిగిన ఏళ్ళు కూడా ఆ భారంలో భాగమే.

ఏరు

ఆ కోయ తమ్ముడికి ఉద్యోగం వచ్చింది జీవో 3 వల్ల. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అని 2000 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వు అది. ఎందుకు ఇచ్చారో నాకు మొదటి నెలలోనే తెలిసింది. ఒకటో తరగతి పిల్లవాడు ఒకడు నా కొంగు పట్టుకుని "ఏరు, ఏరు" అంటున్నాడు. శబరి పక్కనే కదా, ఏటికి వెళ్తానంటున్నాడనుకుని గదమాయించి కూర్చోబెట్టాను. అరగంట తర్వాత ఈ తమ్ముడు వచ్చి, వాడికి గ్లాసుడు నీళ్ళిచ్చాడు. కోయలో ఏరంటే నీళ్ళు. వాడు దాహమని అడిగాడు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేసింది. అప్పటికి చేరినవాళ్ళ ఉద్యోగాలు షరతులతో నిలబడ్డాయి కాబట్టి తమ్ముడు ఇంకా పాఠం చెబుతున్నాడు. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమన్న కోర్టు వాదనతో వాదించవచ్చు, ఒప్పుకోవచ్చు కూడా. డీఎస్సీ రాసి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మిగతా పిల్లల బాధ నాకు తెలియనిది కాదు. నేను తట్టుకోలేకపోయింది ఆ తీర్పులోని ఒక మాటని. వాళ్ళ భాష, వాళ్ళ ఆదిమ జీవన విధానం వాళ్ళని ప్రధాన స్రవంతికీ మామూలు చట్టాలకీ పనికిరానివాళ్ళని చేస్తున్నాయని అందులో ఉంది. మా జనానికి పెట్టిన పేర్లివీ అంటూ జైపాల్ సింగ్ పరిషత్తులో వరసగా చదివాడే, అందులో ఆదిమ అన్న మాట కూడా ఉంది. డెబ్బై నాలుగేళ్ళ తర్వాత దేశంలో పెద్ద కోర్టు అదే మాట రాసింది. అందుకే ఆయన పేరు గురించి చేసిన గొడవని ఇక మీదట చిన్న విషయంగా చూడలేను.

చట్టసభలో మాట్లాడినవాళ్ళని మనం ఎలా గుర్తుపెట్టుకోవాలన్నది నా బాధ. ఎన్నిసార్లు నెగ్గారు, ఎన్ని పథకాలు తెచ్చారు అని లెక్కేస్తే జైపాల్ సింగ్ దగ్గర చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఆయన అడిగినవి వరసగా రాసి, పక్కన ఆ తర్వాత జరిగినవి రాస్తే మాత్రం అది ఏజెన్సీ చరిత్ర అవుతుంది. పాఠ్యపుస్తకంలో డిసెంబరు ప్రసంగం నుంచి నాలుగు వాక్యాలు వేస్తే సంతోషమే. నేను మాత్రం సెప్టెంబరు 5 పేజీలు కూడా పిల్లల చేతికి రావాలంటాను. వాళ్ళలో సగం మందికైనా ఇంట్లో ఒక భూమి కేసు కాగితం ఉంటుంది.

నా అనువాదంలో ఏడు చోట్లా పెన్నుతో కొట్టేసి, ఆదివాసీ అని రాసి, తమ్ముడికి పంపాను. సెప్టెంబరు పేజీలూ తెలుగు చేసి పంపాను. వచ్చే ఆగస్టుకి కోయలో చదువుతానన్నాడు. మొన్న రాత్రి ఫోన్ చేశాడు. గవర్నరు సలహా మండలిని 'సంప్రదించి' నిబంధనలు చేయాలన్న చోట ఆగిపోయాడట. అడిగేసి తన పని తాను చేసుకోవడాన్ని ఏమనాలో తోచడం లేదన్నాడు. "మా ఊళ్ళో పెద్దల్ని అడిగారంటే, అందరూ సరేననేదాకా కూర్చున్నారనేగా అక్కా. అలాగే రాసేస్తే తప్పవుతుందా?" అన్నాడు. రాజ్యాంగంలో ఉన్నది అది కాదని నాకు తెలుసు. ఇంకా జవాబు చెప్పలేదు.